హలీమక్క ముక్కు

నాకు కంపు పడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఆశా కార్యకర్తగా పదమూడేళ్ళ నుంచి రేగుంట చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతున్నాను. పుండ్లు, చీము, బొడ్డుతాళ్ళు అన్నీ చూశాను. అయినా మా వీధి మురికికాలువ దాటాలంటే ఇప్పటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. మా ఆయన వెంకటేశ్వర్ దీన్ని వేషాలంటాడు. పెళ్ళయిన రెండో ఏడు అత్తగారితో పండరికి వెళ్ళి తులసిమాల వేసుకున్నప్పటి నుంచి మాంసం వాసన అసలే పడదు. పక్కింట్లో కోడిని కోస్తే మా ఇంట్లో నాకు అన్నం దిగదు. అలాంటి నన్ను పట్టుకుని, మా ఊరు సిరోంచ మొత్తంలో ఇంకెవరూ దొరకనట్టు, తన ముక్కుగా పెట్టుకుంది హలీమక్క. థూ, నా బతుకు!

హలీమక్కది మా గోడ పక్క ఇల్లు. వాళ్ళ నాన్న హమ్జా సాబ్ పేరున్న బావర్చీ. తునికాకు కాంట్రాక్టర్ల విందులకూ, అహేరి దాకా పెళ్ళిళ్ళకూ ఆయన వంట డేక్సాలే పోయేవి. మగపిల్లలు లేకపోవడంతో పని కూతురికి నేర్పాడు. అదీ నాలుకతో కాదు, ముక్కుతో. రంజాన్ నెలలో రోజా ఉపవాసమున్న వంటవాళ్ళు నాలుక మీద మెతుకు పెట్టరు. సాయంత్రానికి మాత్రం మసీదు దగ్గర మూడొందల మందికి హలీం సిద్ధంగా ఉండాలి. ఉప్పుకు దోసిలే కొలత, మిగతాదంతా ముక్కే. హలీమక్క ఇరవై రెండేళ్ళుగా అలాగే వండింది. మూత కాస్త జరిపి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గాలి పీల్చి "ఇంకో పావుగంట" అనేది. సరిగ్గా పావుగంటే పట్టేది. ఆడది డేక్సా ముందు నిలబడటమేమిటని మొదట్లో గొణిగిన మగవాళ్ళే తర్వాత గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

పోయిన వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. వారానికి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ముక్కును తీసుకుపోయింది. ఈ సంగతి మొదట నాకే తెలిసింది. ఒక రోజు గోడ అవతల నుంచి మాడు వాసన గుప్పుమంటే పరుగెత్తాను. పొయ్యి మీద పాలు మాడి బొగ్గవుతున్నాయి, పక్కనే పీట మీద కూర్చుని హలీమక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"అక్కా, పాలు మాడుతున్నయి గదనే!"

ఆమె గిన్నె వైపు చూసి, నా వైపు చూసింది. "నాకు తెల్వలే శోభా. నాల్గు దినాలసంది ఏం తెలుస్తలేదు." నా చెయ్యి పట్టుకుంది. "ఎవ్వరికి చెప్పకు. ముక్కు లేని బావర్చీకి డేక్సా ఎవడిస్తడే?"

చెప్పనని మాటిచ్చాను. అక్కడే నా ఖర్మ మొదలైంది. పెళ్ళి వంట ఉన్న రోజున ఆమె నన్ను తోడు తీసుకెళ్ళేది. ఉల్లిగడ్డలు కోయడానికి వచ్చిందని అందరితో చెప్పేది. డేక్సా మూత జరపగానే నేను దాని మీదికి వంగాలి. "నీ కడుపుల ఎప్పుడు తిప్పుతదో చెప్పు, సాలు," అనేది. పచ్చి మాంసానికి ఒక రకంగా తిప్పుతుంది. సగం ఉడికితే ఇంకో రకంగా. మసాలా పట్టి మెత్తబడ్డాక గొంతు దాకా వస్తుంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని "ఇప్పుడు కక్కొస్తంది" అంటే ఆమె మంట తగ్గించేది. నాలుగు పెళ్ళిళ్ళు ఇలాగే గడిచాయి. తిన్నవాళ్ళు వేళ్ళు నాక్కున్నారు. నేను ఇంటికొచ్చి తలస్నానం చేసి, మాలను నీళ్ళలో కడిగి, విఠోబాకు క్షమాపణ చెప్పుకునేదాన్ని.

అయిదో పెళ్ళి నాగేపల్లిలో. ఎండ పొద్దున్నే మండుతోంది. మాంసం గోనెసంచిలో ఎప్పుడు కట్టారో, ఎంతసేపు అలాగే ఉందో తెలియదు. మాంసం దిగగానే పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం హలీమక్క చేసే మొదటి పని. ఆ పిడికెడు ఆ రోజు నా ముక్కు దగ్గర పెట్టింది.

"మంచిగున్నదా?"

మాలకారిని నేను, తులసిమాల వేసుకుని మాంసం మానేసినదాన్ని. నాకు ఏ మాంసమైనా కుళ్ళు కంపే. మంచి కంపేదో చెడ్డ కంపేదో నాకేం తెలుసు? తెలియదని చెప్పొచ్చు. కానీ దాన్ని నా ముక్కు దగ్గర నుంచి తీసేస్తే చాలనిపించింది. "మంచిగనే ఉంది, తీసెయ్యి తీసెయ్యి," అన్నాను.

సాయంత్రానికి పదకొండు మంది ఆస్పత్రిలో పడ్డారు. పెళ్ళికూతురి నాయనమ్మ రాజుబాయి పది రోజులు సెలైన్ మీద ఉంది. ఊరంతా బావి నీళ్ళను తిట్టింది. హలీమా వంటను అనే ధైర్యం ఎవరికుంటుంది? మర్నాడు బావిలో బ్లీచింగ్ పౌడర్ కలపడానికి వెళ్ళిన ఆశా కార్యకర్తల్లో నేనూ ఉన్నాను. ఏ పాపమూ ఎరగని బావిలో నా చేతులతో పౌడర్ కలిపాను, నోరు విప్పలేదు. చచ్చిన గొడ్డును చూసినా నాకు అంత అసహ్యం కలగదు. ఆ రోజు నన్ను నేను చూసుకుంటే కలిగింది.

హలీమక్క ఇంటికొచ్చి డేక్సాలన్నీ బోర్లించింది. మసీదు నుంచి రంజాన్ వంట గురించి మాట్లాడటానికి పెద్దమనుషులు వస్తే, చెప్తానని పంపేసింది. నాతో మాత్రం తెగేసి చెప్పింది. "రంజానులోపు ముక్కు రాకపోతే ఇగ పొయ్యి ముట్ట. మా అబ్బా పేరు మీద జనాలకు విషం పెట్టలేను."

మంచిర్యాలలో ముక్కు డాక్టరుకు చూపించాం. వాసన నరం నిద్రపోయిందనీ, లవంగం, నిమ్మ లాంటి ఘాటైన వాసనలు రోజూ చూపిస్తే లేవొచ్చనీ, లేవకపోవచ్చనీ ఆయన చెప్పాడు. రెండు నెలలు లవంగాలు పీల్చింది. నిమ్మతొక్కలు పీల్చింది. ఏమీ లేదు. చివరికి ఆమెకొక ఆలోచన వచ్చింది. అది ఆమెకే రావాలి.

"మెల్లగ పిలిస్తె లేస్తలేదు శోభా. గట్టిగ అరిచి లేపాలె. లోకంల అన్నిట్ల కన్న పెద్ద కంపు యాడున్నది?"

ఆ మాటకు జవాబు మా నర్సు త్రివేణి దగ్గర దొరికింది. ఆమె అంతర్వేది దర్శనానికి వెళ్ళొచ్చి, అక్కడ సముద్రం ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టే చోట కంపుకు రెండు రోజులు అన్నం తినలేదని చెప్పింది. హలీమక్క కళ్ళు మెరిశాయి. నేను రానని ఖరాఖండిగా చెప్పాను. ఆ రాత్రి బావి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. పొద్దున్నే స్కూటీ కడిగాను.

మా ఆయనకు నరసింహస్వామి దర్శనమని చెప్పాను. హలీమక్క వాళ్ళాయన ముర్తుజా భాయ్‌కి సముద్రపు గాలి అని చెప్పింది. ఆయనకు సైకిళ్ళ దుకాణం. ఏమీ అడగకుండా స్కూటీ బ్రేకులు బిగించి, గాలి కొట్టే పంపు డిక్కీలో పెట్టాడు. జనవరి చలిలో, తెల్లారుతుండగా గోదావరి వంతెన దాటాం. నాలుగొందల పైచిలుకు కిలోమీటర్లు, ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు, ఒక స్కూటీ. రంజానుకు ఇంకా నెల ఉంది.

దారిలో ఆమె పెట్టిన నియమం ఒకటే. నేను కొంగు ముక్కుకు పెట్టుకుంటే బండి ఆపాలి. కాళేశ్వరం దాటాక మొదటి చచ్చిన కుక్క. కొంగు పెట్టుకున్నానో లేదో భుజం మీద చరిచింది. "ఏం కంపు? ఆపు, ఆపు!" దిగి, దాని దగ్గరికి వెళ్ళి, నడుం వంచి గాలి పీల్చింది. ఈగలు ముఖం మీద ముసిరాయి. తల అడ్డంగా ఊపుతూ వచ్చి ఎక్కింది. ఛీ ఛీ, నేను ఆ వైపు చూడలేక కళ్ళు మూసుకున్నాను.

ఏటూరునాగారం అడవిలో చల్లగా, హాయిగా గాలి తగిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె విసుక్కుంది. "ఈ అడవిల ఏం లేదు, జల్ది పో." బస్టాండ్లు మాత్రం ఒక్కటీ వదలలేదు. నాలుగు బస్టాండ్లలో మరుగుదొడ్ల ముందు నన్ను కాపలా పెట్టి తను లోపలికి వెళ్ళింది. ఒక్కోదాంట్లో అయిదు నిమిషాలు. ఒకచోట ముసలి కండక్టరు నా దగ్గరికొచ్చి, పాపం మీ అక్కకు కడుపు బాగాలేనట్టుంది, మజ్జిగలో ఉప్పేసి తాగించండి అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హలీమక్క బయటికొచ్చి, "ఏం లేదే. కండ్లు మండినయి గని ముక్కు మండలే," అంది.

రెండో రోజు జంగారెడ్డిగూడెం దాటాక మా ముందుకొక లారీ వచ్చింది. చేపల చెరువులకు పోతున్న కోళ్ళ పెంట. ఆ కంపును ఎలా చెప్పను? నోరు మూసుకున్నా నాలుక మీద తెలిసింది. కళ్ళలో నీళ్ళు కారాయి. దాన్ని దాటిపోదామని హారన్ కొట్టాను.

"దాటకు! దాని ఎన్కనే పో."

"అక్కా, నా పానం పోతది!"

"జర ఓపిక పట్టు. దూరం పోనియ్యకు."

పన్నెండు కిలోమీటర్లు. లెక్కపెట్టాను కాబట్టి చెప్తున్నాను. డ్రైవరు మాకు దారివ్వడానికి మూడుసార్లు పక్కకు జరిగాడు, మేం దాటలేదు. చివరికి బండి ఆపి దిగొచ్చాడు. "ఏవండీ, ఏం కావాలండీ మీకు? పొద్దుట్నుంచి నా ఎనకాలే వత్తన్నారు!" హలీమక్క ఎంతో మర్యాదగా, "ఏం లేదన్నా, నువ్ నడువు, మేం వస్తం," అంది. ఆయన మా ఇద్దరినీ పైకీ కిందకీ చూసి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దగ్గర్లోనే వెనక టైరు పంక్చరయింది. ఎండలో రెండు కిలోమీటర్లు తోశాం. నేను హ్యాండిల్, ఆమె వెనక నుంచి. తిట్టడానికి నా దగ్గర ఊపిరి మిగల్లేదు.

మూడో రోజు పొద్దున నరసాపురంలో బల్లకట్టు లాంటి పంటు మీద స్కూటీ ఎక్కించి గోదావరి దాటాం. అంతర్వేది చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. హలీమక్క సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి, చాలాసేపు నిలబడింది. పెదాలు తడుముకుని, "ఉప్పు నాలిక మీద తెలుస్తంది. ముక్కుల ఏం లేదు," అంది. తర్వాత ఎండుచేపల చోటికి ఇసుకలో నడిచాం. స్కూటీ కూరుకుపోతుంది కాబట్టి నడకే. అడుగు వేస్తే పాదం లోపలికి పోతుంది. పిక్కలు పట్టేశాయి. అరకిలోమీటరు ముందే కంపు ఎదురొచ్చింది. నేను ఆగిపోయాను. నా ఆగడం చూసి ఆమె పరుగులాంటి నడక అందుకుంది.

వలల మీద, పట్టాల మీద, తాళ్ళ మీద, చూసినంత దూరం చేపలే. నేలంతా పొలుసులు. ఒక మూల గంపల్లో తలలు, పేగులు కుప్పపోసి ఉన్నాయి, వాటి మీద ఈగలు నల్లగా పరుచుకుని ఉన్నాయి. అడుగున ఏదో తెల్లగా కదులుతోంది. అది చూశాక నా కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. హలీమక్క వచ్చి నా నుదురు పట్టుకుంది. నేను సర్దుకున్నాక వెళ్ళి అదే గంపలో ముఖం పెట్టింది. ఒకటి, రెండు, మూడు గంపలు. తర్వాత చేపలు తిరగేస్తున్న ఒకావిడ దగ్గరికి వెళ్ళి అడిగేసింది. "అక్కా, ఇంతకన్న కంపుది ఏమన్న ఉన్నదా?"

ఆవిడ చేతిలో చేప కింద పడేసింది. "ఏంటమ్మా ఆ మాటలు? మా చేపలు కంపా? మేం తినేవే అండీ ఇయ్యి! మీ ఊళ్ళో గంధం తింటారా?" ఆవిడ కోపంలో న్యాయముంది. నేను మధ్యలో దూరి సంగతంతా చెప్పుకున్నాను. వంటమనిషనీ, ముక్కు పోయిందనీ విన్నాక ఆవిడ మెత్తబడింది. "అయ్యో, వంట చేసే తల్లికి ఎంత కట్టం," అంటూ పాక వెనక్కి తీసుకెళ్ళి, చేపనూనె కోసం కార్జాలు మురగబెట్టిన పీపా మూత తీసింది. నేను సముద్రం వైపు పరుగెత్తాను. అబద్ధమెందుకు, ఏడుస్తూ పరుగెత్తాను. తిరిగి చూస్తే హలీమక్క పీపా మీద వంగి అలాగే ఉంది. ఆవిడ ముక్కు మూసుకుని ఆమె వీపు నిమురుతోంది.

హలీమక్క వచ్చి నా పక్కన ఇసుకలో కూలబడింది. "ముక్కు సచ్చిపోయిందే. పాతిపెట్టుడే ఇగ."

ఆమే మళ్ళీ అంది. "రాజుబాయిని చూడనీకె పోతె, ముసలామె నా చేతులు పట్టుకున్నది. నీ వంటల ఏం తప్పు లేదు బిడ్డా, నీళ్ళే ఖరాబు అన్నది. తిట్టినా మంచిగుండు. ఆ మాట నన్ను లోపలికెల్లి తింటంది."

"మంచిగున్నదని నేనే గదక్కా అన్న."

"నువ్ మాలకారివి. నీకేం తెలుస్తది? నిన్ను అడిగిన చూడు, నాదీ తప్పు. పోయిన ముక్కును దాచిపెట్టిన చూడు, అదీ తప్పు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంటికి పోయినంక మసీదుల చెప్పేస్త. నాగేపల్లికి పోయి రాజుబాయికి గూడ చెప్త."

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణం. పంటు రేవు దగ్గర బండ్లు వరసలో నిలబడ్డాయి. మా ముందు పది బండ్లున్నాయి. నేను ఒక కాలు నేల మీద ఆనించి మెల్లగా బండి జరుపుతున్నాను. ఉన్నట్టుండి హలీమక్క గోళ్ళు నా భుజంలో దిగాయి.

"ఆపు."

"ఏందక్కా?"

"కంపు."

నా కొంగు భుజం మీదే ఉంది. నాకు ఏ కంపూ తగల్లేదు. ఆమె బండి దిగీ దిగకుండానే రోడ్డు పక్కన కక్కింది. లేచి, మూతి కూడా తుడుచుకోకుండా నా రెండు చేతులూ పట్టుకుంది. "కంపొస్తంది శోభా! యా అల్లా, కంపే! కుళ్ళు కంపు! ఏదో సచ్చింది ఈడ!" ఏడుస్తోంది, నవ్వుతోంది, మళ్ళీ వాంతి చేసుకుంటోంది. నేను స్కూటీకి స్టాండ్ వేయడం మరిచి వదిలేశాను, అది పక్కకు పడింది. ఇద్దరం నడిరోడ్డు మీద చేతులు పట్టుకుని గెంతుతుంటే వరసలో ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచి చూశారు. చూస్తే చూడనీ!

"ఏం సచ్చింది? చూడు, ఏం సచ్చిందో చూడు జర."

చూశాను. కాలువలో చూశాను, లారీ కింద చూశాను, రేవు మెట్ల కింద చూశాను. కుక్క లేదు, ఎలుక లేదు, చేప కూడా లేదు. గాలి ఎటు నుంచి వస్తోందో చూశాను. ఆ వైపు టార్పాలిన్ కింద ఒక హోటలు. అందులో ఒకాయన మధ్యాహ్నం బిర్యానీకి పెద్ద మూకుట్లో ఉల్లిపాయలు వేయిస్తున్నాడు. అవి అప్పుడప్పుడే బంగారు రంగుకు తిరుగుతున్నాయి. నోరూరే వాసన. నాకే ఆకలేసింది. ఇంకేమీ లేదు అక్కడ.

హలీమక్క నా ముఖంలోకి చూస్తోంది. "చెప్పవేందే?"

ఏదో చచ్చిందని చెప్పొచ్చు. సిరోంచ దాకా ఆమెను సంతోషంగా తీసుకెళ్ళొచ్చు. కానీ ఒకసారి ఆమె ముక్కు తరఫున అబద్ధం చెప్పాను కదా.

"ఏం సావలేదక్కా," అన్నాను. "ఉల్లిగడ్డలు వేగుతున్నయి. మంచిగ వేగుతున్నయి."

ఆమె నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. ముక్కు లేచింది, వంకరగా లేచింది. నలభై ఏళ్ళుగా ఆమె తండ్రి ఇంట్లో, ఆమె ఇంట్లో వేగిన ఉల్లిగడ్డ ఇక నుంచి ఆమెకు శవం కంపు. నేను ఆమె చెయ్యి పట్టుకుని పోదాం పద అన్నాను. ఆమె విడిపించుకుంది.

నేరుగా వెళ్ళి మూకుడు ముందు నిలబడింది. కక్కొచ్చింది, గుంజ పట్టుకుని ఆపుకుంది. కొంగు ముక్కుకు పెట్టుకోలేదు. "అన్నా, నీ పని నువ్ చేసుకో. నేను జర ఈడ నిలబడ్త," అంది. వంటాయన బిత్తరపోయి గరిటె ఆపితే, ఆపొద్దని సైగ చేసింది. కళ్ళు మూసుకుంది.

"శోభా, ఇప్పుడెట్లున్నయి?"

"ఎర్రగైనయి."

పీల్చింది. "ఎర్రగైతే గీ కంపు. సరే. ఇప్పుడు?"

"ఇంక జరంత ఎర్రగ. ఇగ దించొచ్చు."

"దించేటప్పుడు గీ కంపు." ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు పెదాలు కదిపింది. "ఒక పిడికెడు మాడనియ్యన్నా, నీకు పుణ్యముంటది. మాడితే ఎట్లుంటదో తెల్వాలె."

వంటాయన నన్ను చూశాడు. నేను తల ఊపాను. అవతల పంటు హారన్ కొట్టింది, వరసలో వాళ్ళు మా బండి తీయమని అరుస్తున్నారు. మూకుట్లో ఉల్లి నల్లబడింది. ఆమె దాన్ని కూడా నిండా పీల్చి, పక్కకు తిరిగి కక్కి, నోరు కడుక్కుని వచ్చి, మళ్ళీ మూకుడు మీదికి వంగింది.

"ఉల్లిగడ్డ అయింది," అంది. "ఇగ అల్లం వెయ్యమను."